అలుకు కింద పోయే బీటలు

1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడని, 1889లో తవ్వకం మొదలైందని మన పిల్లలు చదువుతారు. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా బొగ్గు సొరంగాల్లోంచే వచ్చింది. 1975లో రామగుండంలో ఓపెన్‌కాస్ట్ మొదలయ్యాక పైనున్న రాతినంతా పేల్చి తీయడం వచ్చింది. దాంతో గని అదురు ఊళ్లకు చేరింది.

పేలుడు శక్తి అంతా రాయిని పగలగొట్టదు. కొంత అలలా నేలలో పాకుతుంది. జియోఫోన్‌ను నేలలో గట్టిగా నాటితే, ఆ చోట నేల ఎంత వేగంగా ఊగిందో సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లని చెబుతుంది. చాలాచోట్ల అలా కొలిచి, ఒకేసారి పేలిన మందు బరువుతో, దూరంతో పోల్చి, గని చుట్టూ సమాన అదురు గీతలు గీస్తారు. లెక్కల మాస్టార్లకు ఇది మంచి పాఠం: ఇందులో వాడేది వర్గమూలం. ఒక్కసారి పేలే మందు నాలుగింతలైతే అదే అదురు రెండింతల దూరం పోతుంది. అందుకే మందును మిల్లీసెకన్ల తేడాతో విడివిడిగా పేలుస్తారు.

ఎంత అదురు దాటకూడదు? 1997లో గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ పట్టిక ఇచ్చింది. (సమతా తీర్పు వచ్చింది ఆ ఏడే. తీర్పు పేరు మనలో చాలామందికి తెలుసు, పట్టిక సంగతి తెలిసినవాళ్లు తక్కువ.) గని యాజమాన్యానివి కాని ఇళ్ల దగ్గర నేల సెకనుకు 8 ఊపుల కంటే తక్కువగా ఊగితే హద్దు 5 మిల్లీమీటర్లు, 25 ఊపులు దాటితే 15. నెమ్మది ఊపే ఇంటికి ఎక్కువ చేటు. చారిత్రక కట్టడాలకైతే ఆ 5 కాస్తా 2 అవుతుంది. మన వేల్పు గుడిని ఏ వరుసలో రాశారో పటం గీసినవాళ్లనే అడగాలి. కచ్చా ఇల్లు, ఇటుక సిమెంటు ఇల్లు మాత్రం ఒకే వరుసలో ఉన్నాయి. ఇది నాకు మింగుడుపడదు.

ఇంకో చిక్కు మన చేతుల్లోనే ఉంది. మట్టిగోడకు బీట వస్తే పండక్కి ఇంటి ఆడవాళ్లు అలుకుతారు, బీట కనబడదు. పరిశీలనకు వచ్చినవాళ్లకు చూపించడానికి ఏమీ మిగలదు. పరికరం కాగితం గని దగ్గర ఉంటుంది, మన కాగితం అలుకు కింద పోతుంది.

అలికే ముందు బీట రెండు కొసల దగ్గర బొగ్గుతో గీత పెట్టి, పక్కన తేదీ రాసి, ఫోటో తీయండి. పేలుడు వినబడిన వేళ, ఇంటికి గని అంచు ఎంత దూరమో బడి నోటుపుస్తకంలో రాయించండి. జియోఫోన్‌ను ఈసారి ఎవరి వాకిట్లో నాటుతారో గ్రామసభలో అడిగి, ఆ జవాబునూ అందులోనే రాయించండి.