వాషింగ్టన్ (ఇంటిపేరు)

వాషింగ్టన్ ఇంగ్లండులో ఊరి పేరును బట్టి ఏర్పడిన ఇంటిపేరు. ఈ మాట వింటే నేడు అమెరికా రాజధాని, ఆ దేశపు తొలి అధ్యక్షుడు గుర్తుకొస్తారు. దాని పుట్టిల్లు మాత్రం ఉత్తర ఇంగ్లండులో, చారిత్రక డర్హమ్ ప్రాంతంలో, వేర్ నదికి ఉత్తరాన ఉన్న ఒకప్పటి పల్లె. ఆంగ్లో-శాక్సన్ల కాలంలో వాస్సా అనే వ్యక్తి పేరిట వెలసిన ఊరు కావడంతో దానికి ఆ పేరు వచ్చిందని స్థలనామ పరిశోధకులు చెబుతారు. ససెక్స్‌లోనూ ఇదే పేరుతో మరో ఊరుంది. కాబట్టి ఈ ఇంటిపేరున్న ఆంగ్లేయులందరినీ ఒకే వంశానికి ముడిపెట్టలేం.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక, భూస్వాములు తమ ఏలుబడిలో ఉన్న ఊరి పేరుకు ముందు ‘డి’ చేర్చుకొని చలామణీ అయ్యేవారు. అది తరతరాలకు నిలిచే ఇంటిపేరు కాదు. భూమి చేతులు మారితే మనిషి పేరూ మారేది. ఇందుకు వాషింగ్టన్ వంశాన్ని మించిన ఉదాహరణ లేదు. 1086 నాటి డూమ్స్‌డే భూముల సర్వే డర్హమ్ దాకా రాలేదు. ఆ లోటును కొంత తీర్చేది బోల్డన్ బుక్. డర్హమ్ బిషప్ హ్యూ డు పుయిసే 1183లో తన భూముల వివరాలను అందులో రాయించాడు. విలియం డి హెర్ట్‌బర్న్ అనే ఆసామి తన హెర్ట్‌బర్న్ గ్రామాన్ని ఇచ్చి, బదులుగా వాషింగ్టన్ పుచ్చుకున్నాడని అందులో ఉంది. చర్చి, దాని మాన్యం మాత్రం ఈ మారకంలోకి రాలేదు. ఏటా 4 పౌండ్ల శిస్తు కట్టాలి. బిషప్ పెద్ద వేటకు వెళ్లేటప్పుడు 4 వేటకుక్కలతో విలియం కూడా హాజరు కావాలి. ఊరు మారడంతో విలియం పేరూ ‘డి వెస్సింగ్టన్’గా మారింది. ఒక ఇంటిపేరు పుట్టుక ఇంత స్పష్టంగా రికార్డుల్లో దొరకడం అరుదు.

వారసత్వపు హక్కులు రుజువు చేసుకోవలసి రావడంతో 13, 14 శతాబ్దాల్లో ఇలాంటి పేర్లు స్థిరపడ్డాయి. ‘డి’ రాలిపోయింది. వంశంలో ఒక శాఖ లాంకషైర్‌కూ, అక్కడి నుంచి నార్తాంప్టన్‌షైర్‌కూ తరలింది. అక్కడ ఉన్ని వ్యాపారంలో గడించిన లారెన్స్ వాషింగ్టన్ నార్తాంప్టన్ మేయరయ్యాడు. ఎనిమిదో హెన్రీ మఠాల ఆస్తులను స్వాధీనం చేసుకొని అమ్ముతున్న రోజుల్లో, 1539లో సల్‌గ్రేవ్ భూములు కొని ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లు నేటికీ ఉంది. తెల్లని డాలు మీద రెండు ఎర్ర పట్టీలు, వాటిపైన మూడు ఎర్ర నక్షత్రాలు ఈ వంశపు చిహ్నం. 1938లో ఆమోదించిన వాషింగ్టన్ నగర జెండా దీన్నుంచి వచ్చిందే. అమెరికా జాతీయ జెండాకు కూడా ఇదే మూలమనే కథకు ఆధారం లేదు.

లారెన్స్ వంశీకుల్లో అదే పేరుగల ఒకరు ఎసెక్స్‌లోని పర్లీ గ్రామంలో మతాధికారిగా ఉండి, ఇంగ్లండు అంతర్యుద్ధ కాలంలో, 1643లో ఆ పదవి పోగొట్టుకున్నారు. ఆయన కుమారుడు జాన్ ఓడ ఉద్యోగిగా 1650ల చివర్లో వర్జీనియా చేరి, అక్కడే స్థిరపడ్డాడు. జాన్ మునిమనవడే జార్జ్ వాషింగ్టన్. ఇంగ్లండు రాజచిహ్నాల అధికారి ఐజాక్ హర్డ్ వంశవృక్షం కోసం వివరాలు కోరినప్పుడు, తానెన్నడూ ఆ విషయం పెద్దగా పట్టించుకోలేదని జార్జ్ 1792లో జవాబు రాశారు. ఆయనకు సంతానం లేదు. అయినా ఈ పేరు ఆయన వల్లే 1791లో రాజధానికీ, 1853లో అమెరికాలోని ఒక భూభాగానికీ, 1889లో అక్కడ ఏర్పడిన రాష్ట్రానికీ చేరింది.

ఈ ఇంటిపేరు చరిత్రలో అత్యంత ముఖ్యమైన అధ్యాయం ఆ వంశానికి బయటే నడిచింది. 2000 నాటి అమెరికా జనాభా లెక్కల్లో వాషింగ్టన్ అనే ఇంటిపేరు గలవారు 1,63,000 మందికి పైగా నమోదయ్యారు. వారిలో సుమారు 90 శాతం ఆఫ్రికన్ అమెరికన్లు. వీరంతా జార్జ్ వాషింగ్టన్ బానిసల సంతతి అనుకోవడం పొరపాటు. ఆయన మరణించిన 1799లో ఆయన ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలుండగా, ఆయన సొంత హక్కులో ఉండి, వీలునామా ప్రకారం విడుదల పొందవలసినవారు 123 మందే. తర్వాతి తరాల్లో ఈ పేరు చాలామంది తమకు తాముగా ఎంచుకున్నది.

అలా ఎంచుకున్నవారిలో ప్రముఖుడు విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్. బానిసత్వం రద్దయ్యాక బాలుడైన బుకర్ వెస్ట్ వర్జీనియాలో బడిలో చేరాడు. హాజరు పిలుస్తుంటే మిగతా పిల్లలందరికీ రెండేసి, కొందరికి మూడేసి పేర్లున్నాయి. తనకున్నది బుకర్ అనే ఒక్క పేరే. తన వంతు వచ్చేసరికి తడుముకోకుండా ‘బుకర్ వాషింగ్టన్’ అన్నాడు. ఆ పేరే రిజిస్టరులోకి ఎక్కింది. ఆయన మారుతండ్రి మొదటి పేరు కూడా వాషింగ్టనే. తల్లి పెట్టిన ‘టాలియాఫెరో’ అనే పేరు సంగతి ఆయనకు తర్వాత తెలిసింది. దాన్ని నడిమి పేరుగా చేర్చుకున్నారు. విముక్తికి ముందే ఇంటిపేరు పెట్టుకున్న బానిస కుటుంబాలూ ఉన్నాయి. యజమానుల చిట్టాల్లో ఆ పేర్లు చాలావరకు ఎక్కలేదు గానీ, తమలో తాము వాటితోనే పిలుచుకునేవారు.