బస్తర్ గని నిధి: ట్రస్టు సొమ్ముపై ఖజానాకు హక్కుందా?

దంతెవాడ జిల్లా బైలదిల్లా కొండల్లో ఎన్‌ఎండీసీ తవ్వే ఇనుప ఖనిజం కిరండూల్ నుంచి రైలులో విశాఖపట్నం చేరుతుంది. తవ్వకాల వల్ల నష్టపోయిన ప్రజల కోసం ఏర్పడినదే జిల్లా ఖనిజ ఫౌండేషన్ (డీఎంఎఫ్). 2015లో గనుల చట్టంలో చేర్చిన 9బి సెక్షన్ దీనికి ఆధారం. 2015 జనవరి 12కు ముందు మంజూరైన లీజుదారులు రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని, ఆ తర్వాత వేలంలో పొందినవారు 10 శాతాన్ని అదనంగా చెల్లించాలి.

ఈ సొమ్ము రాష్ట్ర ఖజానాకు కాక ట్రస్టు ఖాతాకు చేరుతుంది. తగాదాకు మూలం అదే. బీజాపూర్ జిల్లా ఆసుపత్రిలో నిపుణ వైద్యుల జీతాలకు ఈ నిధే ఆసరా అయింది. అయితే బడ్జెట్ భరించవలసిన జీతాలను ట్రస్టు భరిస్తే, నిధి మళ్లింపునకూ సద్వినియోగానికీ మధ్య గీత పలుచబడుతుంది.

బొగ్గు, లిగ్నైట్, ఇసుక మినహా ఇతర ఖనిజాలపై చెల్లింపు 2015 సెప్టెంబరు 17 లేదా ఫౌండేషన్ ఏర్పడిన తేదీ, వీటిలో ఏది తర్వాతిదైతే అప్పటి నుంచి వర్తిస్తుందని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. పెత్తనం వివాదం మాత్రం ఆగలేదు. ఛత్తీస్‌గఢ్ 2019లో ఇన్‌ఛార్జి మంత్రికి అధ్యక్షత అప్పగించగా, 2021 ఏప్రిల్‌లో కేంద్రం కలెక్టరే ఉండాలని ఆదేశించింది. రాష్ట్రం అభ్యంతరం తెలిపింది. అదే ఏడాది జులైలో, ఈ నిధులను రాష్ట్ర ఖజానాకు గానీ ముఖ్యమంత్రి సహాయనిధికి గానీ బదిలీ చేయరాదని కేంద్ర గనుల శాఖ స్పష్టం చేసింది.

ఫిలిప్పీన్స్‌లోనూ ఇటువంటి వివాదమే తలెత్తింది. ఆరోగ్య బీమా సంస్థ ఫిల్‌హెల్త్ మిగులు నిధులను ఖజానాకు తరలించడాన్ని 2024 అక్టోబరులో అక్కడి సుప్రీంకోర్టు తాత్కాలికంగా నిలిపివేసింది.