ఆఫీసులను కలిపిన వంతెన

పాత రోజులు చూసిన సభ్యులకు ఈ సంగతి కొత్తది కాదు. కరెంటు బిల్లుకు ఒక ఆఫీసు, నల్లా బిల్లుకు ఇంకొకటి, ఇంటి పన్నుకు మరొకటి. ఒక్కో లైన్లో ఒక్కో పూట పోయేది. ఇంట్లో జర్దోజీ పని చేసే అక్కకు, అగర్‌బత్తీలు చుట్టే చెల్లెకు ఆ పూట కూలి పోయినట్టే. ఒక ఆఫీసు రిజిస్టర్లో ఏముందో ఇంకో ఆఫీసుకు తెలియదు. కాగితం పట్టుకుని వాటి మధ్య తిరిగింది మనమే.

ఆ తిరుగుడు తగ్గడం వెనక చాలామంది పని ఉంది. అందులో ఒక ఆడమనిషి పని గురించి తెలుసుకుందాం.

ఒక గదిలోని కంప్యూటర్లను తీగతో కలిపితే అది ఒక నెట్‌వర్క్. అలాంటి రెండింటిని కలిపే పెట్టెను బ్రిడ్జి అంటారు, అంటే వంతెన. ఏ కంప్యూటర్ ఏ పక్కన ఉందో అది గుర్తుపెట్టుకుంటుంది. అవతలికి పోవాల్సిన సమాచారాన్నే దాటిస్తుంది. అప్పుడు వేరే వేరే చోట్ల కూర్చున్నవాళ్ళు ఒకే గదిలో ఉన్నట్టు పని చేసుకోవచ్చు.

ఇందులో ఒక చిక్కు వచ్చింది. ఒకటి పాడైతే పని ఆగకూడదని రెండు మూడు వంతెనలు పెడితే, సమాచారం ఆగకుండా గుండ్రంగా తిరిగి మొత్తం నెట్‌వర్క్‌నే స్తంభింపజేసేది. అమెరికాలో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసే రేడియా పెర్ల్‌మన్ 1985లో దీనికి ఉపాయం కనిపెట్టారు. వంతెనలు తమలో తాము మాట్లాడుకుని, చెట్టు కొమ్మల్లాగా ఎక్కడికైనా ఒక్క దారే తెరిచి ఉంచుతాయి. మిగతా దారులు అవసరం వచ్చేదాకా మూసి ఉంటాయి.

మన నగరంలో 1999 డిసెంబరులో బంజారాహిల్స్‌లో ‘ట్విన్స్’ కేంద్రం మొదలైంది. వేరే వేరే శాఖల బిల్లులు ఒకే కౌంటర్‌లో కట్టే వీలు వచ్చింది. 2001లో అదే ఈ-సేవ అయ్యింది. 2011 నవంబరులో మీసేవ వచ్చింది. ఇంత దూరాల మధ్య బ్రిడ్జి ఒక్కటే చాలదు. అద్దె లైన్లు, రౌటర్లు, శాఖల ఒప్పందాలు కూడా కావాలి. కానీ అన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒక్కటే: తిరగాల్సింది సమాచారం, మనిషి కాదు.

అయితే ఒక మాట మరవొద్దు. తీగ మంచి లెక్కనూ తప్పు లెక్కనూ ఒకే వేగంతో మోస్తుంది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉంటే, ఆ తప్పు ప్రతి ఆఫీసులోనూ కనబడుతుంది. ఉర్దూ పేర్లను తెలుగులో, ఇంగ్లీషులో తలా ఒక తీరుగా రాసే మన యాకుత్‌పురాలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అప్పుడు దాన్ని దిద్దించుకోవడానికి మళ్ళీ మనమే తిరగాలి.

అందుకే ఆధార్‌లో, బ్యాంకు పాసుబుక్కులో, సంఘం పుస్తకంలో పేరు ఒకే తీరుగా ఉందో లేదో ప్రతి సభ్యురాలూ చూసుకోవాలి. చదువు రానివాళ్ళకు పక్క సభ్యురాలు చదివి చెప్పాలి. వాయిదా కట్టిన ప్రతిసారీ రసీదు అడిగి దాచుకోవాలి. ఆఫీసులను కంప్యూటర్లు కలిపాయి, లెక్కను సరిచూసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.