రెండు నిప్పట్ల నడుమ

సేలం పోయొచ్చిన మా పిల్లలు బర్గరు అడగరు, సెట్టు అడుగుతారు. తట్టువడ సెట్టు. తట్టువడ అంటే మన నిప్పట్టే. అరచేతిలో సగం కూడా ఉండని రెండు నిప్పట్లు తీసుకుని ఒకదానికి పచ్చచట్నీ, ఇంకోదానికి ఎర్రచట్నీ పూస్తారు. నడుమ తురిమిన క్యారెట్టు, బీట్‌రూటు, ఉల్లిపాయ పెట్టి, పైన నిమ్మరసం పిండి మూత వేస్తారు. ఒకేసారి నోట్లో పెట్టుకోవాల్సిందే, కొరికితే చీర మీద పడుతుంది. గుగై, అమ్మాపేట, సెవ్వాపేట వీధుల్లో సాయంత్రం బండి దగ్గర నిలబడి దీన్ని తిన్నవాళ్ళెవరూ ఇంటికి రాగానే ఊరుకోరు. మనమూ చేద్దామంటారు. మా ఇంట్లోనూ అదే జరిగింది, ఇప్పటికీ జరుగుతోంది.

మా అదియమాన్‌కోట్టై ధర్మపురికి దక్షిణాన, సేలం దారి మీద ఉంది. తగడూరును (ధర్మపురి పాత పేరు) ఏలిన అదియమాన్ల పేరు ఊరికి నిలిచిపోయింది. వాళ్ళలో నెడుమాన్ అంజి తనకు దొరికిన అరుదైన ఉసిరికాయను తాను తినకుండా కవయిత్రి ఔవైయారుకి ఇచ్చాడన్న కథ ఇక్కడ బడిపిల్లలందరికీ వచ్చు. (యుద్ధాలు చేసి పేరు తెచ్చుకున్న రాజులు కోకొల్లలు, తిండి పెట్టి తెచ్చుకున్నవాళ్ళు తక్కువ.) 1792లో శ్రీరంగపట్నం సంధి తర్వాత ఈ బారామహల్ సీమ కుంపిణీ చేతికి వచ్చినప్పుడు అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేయడానికి వచ్చిన థామస్ మన్రో ధర్మపురిలో ఏళ్ళ తరబడి ఉన్నాడు. దత్తమండలాలకు వెళ్ళి కడప, బళ్ళారి వాళ్ళకు మన్రో దొర అయింది ఆ తర్వాతే. మైసూరు సీమకీ తమిళ సీమకీ నడుమ సరిహద్దులా నలిగిన నేల ఇది. నేను కుప్పం నుంచి కోడలిగా వచ్చాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బెంగుళూరు బస్సెక్కితే కన్నడం. తిండీ అలాగే కలిసింది.

ఇదే దారిన ఉత్తరానికి పోతే బెంగుళూరు వి.వి.పురం తిండివీధిలో నిప్పట్టు మసాలా ఇస్తారు. పెద్ద నిప్పట్టు మీద ఉల్లిపాయ, టమాటా, క్యారెట్టు చల్లుతారు, మూత ఉండదు. దక్షిణానికి పోతే సేలంలో నిప్పట్టు చిన్నదవుతుంది, పైకి మూత వస్తుంది. వందల మైళ్ళ దూరం కూడా లేని రెండు ఊళ్ళు ఒకే వస్తువుతో రెండు తిళ్ళు చేసుకున్నాయి. రెండూ బయలుదేరింది మాత్రం ఇళ్ళలోంచే.

ఆ సంగతి మా అత్తను చూస్తే తెలిసేది. కృష్ణాష్టమికి ఆమె బియ్యప్పిండిలో పుట్నాల పొడి, నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగలు, కారం, ఇంగువ, కరివేపాకు వేసి, కాగిన నూనె పోసి కలిపేది. అరిటాకు మీద తట్టి, "చిల్లి పెట్టమ్మా, లేకపోతే పొంగుతుంది" అని నా చేత చిల్లులు పెట్టించేది. ఏడాదిలో ఆ ఒక్క పండక్కీ, ఇంకో పెళ్ళికో పేరంటానికో తప్ప ఆ డబ్బా నిండేది కాదు. ధర్మపురి మెట్టసీమ. రాగి సంకటీ సామలూ తిని బతికిన ఊళ్ళివి. బియ్యం అన్నానికే అపురూపం, ఇక పిండి పట్టించి నూనెలో వేయడమంటే పండగే. అత్త చేసిన నిప్పట్టు అరచేయంత ఉండేది. అంతటిది దేవుడి ముందు పెడితేనే నిండుగా ఉంటుందని ఆమె లెక్క.

దాన్ని బండివాడు మూడు రకాలుగా మార్చాడు. సైజు తగ్గించి ఒక నోటికి సరిపెట్టాడు. నిలవ ఉండే ఎండు తిండికి అప్పటికప్పుడు తరిగిన పచ్చికూరలు జోడించాడు. పండక్కి చేసేదాన్ని రోజూ దొరికేలా చేశాడు. ఈ మూడోదానికి బండివాడొక్కడే కారణం కాదు. ఈ జిల్లాలో ఒకప్పుడు వంటనూనె అంటే గానుగలో ఆడించిన వేరుశనగ నూనే. 1994లో పామోలిన్ దిగుమతి మీద ఆంక్షలు సడలాక చవక నూనె అంగళ్ళ నిండా వచ్చింది, వేపుడు సరుకులు చేసి అమ్మడం ఎవరికైనా అందుబాటులోకి వచ్చింది. 2011 జూన్ నుంచి తమిళనాడులో రేషన్ బియ్యం ఉచితం. బియ్యప్పిండి నిప్పట్టుకు ఉన్న పండగ హోదా ఆ దెబ్బతో పోయిందని నా అభిప్రాయం. పోవడం మంచిదేనేమో. అత్త మాత్రం ఒప్పుకునేది కాదు.

క్యారెట్టూ బీట్‌రూటూ మాత్రం మా ఇంటివి కావు. 1819 తర్వాత కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ నీలగిరి కొండల మీద తెల్లవాళ్ళ కూరగాయలు వేయించాడు. కొండ మీది పంట మేట్టుపాళయం దిగి మైదానానికి వస్తూ వస్తూ సేలం బండి మీదికీ చేరింది. మిరపకాయ అంతకు ముందే పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. మన సొంతమని మురిసిపోయే సెట్టులో పిండీ పప్పూ తీసేస్తే మిగిలేది చాలావరకు పరదేశానిదే. ఇంగువ కూడా మనది కాదు, అఫ్గనిస్తాను సరుకు.

మా ఊరి కాలభైరవుడి గుడికి బహుళాష్టమి నాడు ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు, బూడిద గుమ్మడికాయలో దీపం పెడతారు. కృష్ణాష్టమీ బహుళాష్టమే కాబట్టి ఏడాదికోసారి చిత్రం జరుగుతుంది. ఇళ్ళలో కృష్ణుడికి నిప్పట్లు వేగుతుంటాయి, గుడి దారిలో అవే నిప్పట్లు సెట్టులై అమ్ముడవుతుంటాయి. మా పిల్లలు ఇంట్లోవి వదిలేసి అక్కడికి పోతారు.

వాళ్ళను ఇంట్లో కూర్చోబెట్టాలని మొదలైందే నా ప్రయత్నం. నిప్పట్లు తేలికే, అవి నాకు వచ్చినవే. చట్నీ దగ్గర తేడా వచ్చింది. ఇడ్లీకి చేసినట్టు నీళ్ళు పోసి రుబ్బితే నిప్పట్టు క్షణంలో మెత్తబడుతుంది. బండి చట్నీ గట్టిగా, పూస్తే నిలిచేలా ఉంటుంది. పచ్చదానికి పుదీనా, కొత్తిమీర, పచ్చిమిర్చి వేశాను. ఎర్రదానికి ఎండుమిర్చి, వెల్లుల్లి, కాస్త చింతపండు. బీట్‌రూటు తురుము పిండి నీళ్ళు తీసేశాను. రుచి దగ్గరికి వచ్చింది. అయినా పిల్లలు పెదవి విరిచారు, ఎందుకో అర్థం కావడానికి టైం పట్టింది. నేను పళ్ళెం నిండా సెట్లు పేర్చి, అన్నీ అయ్యాక పిలిచేదాన్ని. చివరిది మూసేసరికి మొదటిది నాని ఉండేది. బండివాడు ఒకటి మూయగానే చేతికిస్తాడు. మనం తిని చేయి చాచేలోగా ఇంకోటి మూస్తాడు.

బర్గరు చరిత్రలోనూ అసలు మలుపు ఇక్కడే ఉంది. 1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు తమ దుకాణాన్ని మూసి, జాబితాను తొమ్మిది పదార్థాలకు కుదించి, వంటింట్లో ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పజెప్పి మళ్ళీ తెరిచారు. పదిహేను సెంట్లకు హాంబర్గరు అమ్మారు. అక్కడ కొత్తగా వచ్చింది రుచి కాదు, వేగం. పెన్సిల్వేనియాలో జిమ్ డెలిగాటి 1967లో తయారుచేసిన మెక్‌డొనాల్డ్స్ బర్గరు బిగ్ మ్యాక్ సాసు గుట్టు కోసం ఇళ్ళలో జనం దశాబ్దాలు తంటాలు పడ్డారు. 2012లో ఆ కంపెనీ వంటవాడే వీడియోలో నిలబడి, దుకాణంలో కొన్న సరుకుతో ఇంట్లో ఎలా చేసుకోవచ్చో చూపించాడు. చెప్పినా వాళ్ళ వ్యాపారానికి వచ్చిన నష్టమేమీ లేదు. దినుసులు తెలిసినంత మాత్రాన వాళ్ళ వంటింటి వరస మన పొయ్యి దగ్గరికి రాదు కదా.

ఇప్పుడు నేను పళ్ళెంలో పేర్చడం మానేశాను. పిల్లలు స్టూలు చుట్టూ నిలబడతారు, ఒక్కొక్కటే మూసి చేతిలో పెడతాను. నాకు తినే వంతు రాదు. అదొక ఇబ్బంది.

వంతు రావాలంటే నొరుక్కల్ చేసుకోవాలి. అదీ సేలం బండిదే. నిప్పట్లను చేత్తో నలిపి, ఆ ఉల్లిపాయ, ఆ తురుము, ఆ రెండు చట్నీలు ఒకే గిన్నెలో వేసి కలిపేయడమే. మూత వేసే పని లేదు, వరస పట్టే పని లేదు, అందరికీ ఒకేసారి పంచవచ్చు. పైగా ఇంటి డబ్బా అడుగున ఎప్పుడూ విరిగిన ముక్కలే ఉంటాయి. అత్త చేసినట్టు అరచేయంత చేసే నిప్పట్లు సెట్టుకు పనికిరావు గానీ దీనికి బాగా పనికొస్తాయి.