జుపిటర్-8కు చౌకగా లెన్స్ హుడ్: ఏ సైజు, ఏ రకం?

సోవియట్ జోర్కీ రేంజ్‌ఫైండర్ కెమెరాలతో వచ్చిన 50 ఎంఎం ఎఫ్/2 జుపిటర్-8 లెన్స్‌ది పాతకాలపు కోటింగ్. ఎదురు వెలుతురులో ఫొటో ఇట్టే తెల్లబారుతుంది. పక్కల నుంచి పడే వెలుగును హుడ్ ఆపుతుంది. సూర్యుడే ఫ్రేములో ఉంటే మాత్రం ఏ హుడ్డూ చేయగలిగిందేమీ లేదు.

పాత ఒరిజినల్ కోసం వెతకనక్కర్లేదు. సాధారణ లోహపు హుడ్ కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. చాలామంది పొరబడేది సైజు దగ్గర. కెమెరాకు బిగించే మౌంట్ 39 ఎంఎం కాబట్టి హుడ్ కూడా 39 అనుకుని కొంటారు, అది పట్టదు. ముందువైపు ఫిల్టర్ థ్రెడ్ 40.5 ఎంఎం. సోనీ 16-50 కిట్ లెన్స్‌దీ ఇదే కొలత కనుక ఈ సైజు సరుకుకు కొరత లేదు. అయితే ఆ వైడ్ లెన్స్ కోసం చేసిన పొట్టి హుడ్ 50 ఎంఎంకు పెద్దగా పనికిరాదు.

రేంజ్‌ఫైండర్‌లో మనం చూసేది లెన్స్‌లోంచి కాదు, పైనున్న చిన్న కిటికీలోంచి. పొడవాటి హుడ్ ఆ కిటికీలో ఒక మూలను కప్పేస్తుంది. పక్కల చీలికలున్న వెంటెడ్ రకం నయం. అసలు చిక్కు వేరే ఉంది: హుడ్ ఫొటో మూలలను నల్లగా చేస్తున్నా ఫైండర్‌లో తెలియదు, రీలు కడిగాకే బయటపడుతుంది. ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా, అడాప్టర్ ఎవరి దగ్గరైనా దొరికితే, ఫోకస్ ఇన్ఫినిటీలో ఉంచి తెల్లగోడను హుడ్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి తీసి పోల్చుకోవచ్చు. ఫిల్టర్ వాడేవాళ్లు దాన్ని బిగించే పరీక్షించాలి. దానివల్ల హుడ్ ఇంకాస్త ముందుకు జరుగుతుంది.