దోహా మతసంవాద కేంద్రము: పూర్వాపరములు

ముత్యములకై కడలి గర్భమును గాలించుట ఒకనాటి జీవనోపాధియై, పిదప చమురు, సహజవాయువుల వలన సంపన్నమైన ఖతార్ దేశమున నేడు జనసంఖ్యలో అత్యధికులు పొట్ట చేతబట్టుకొని వచ్చిన పరదేశీయులే. వారిలో క్రైస్తవులు చిరకాలము ఇండ్లలోను, పాఠశాలల గదులలోను గుమిగూడి ప్రార్థించుకొనుచుండిరి.

2002లో వాటికన్‌తో దౌత్యసంబంధము లేర్పడినవి. మరుసటి యేట దోహాలో ముస్లిం, క్రైస్తవ పండితులు ఒక్కచోట గూర్చుండి సంభాషించిరి; 2005 నాటి సభకు యూదులును విచ్చేసిరి. అతిథులు విమానమెక్కినంతనే మాటలు మరుగున పడరాదనియు, ఏడాది పొడుగునను సాగవలెననియు తోచుటచేత, ఈ సభల ఫలముగా దోహా అంతర్జాతీయ మతసంవాద కేంద్రము రూపొంది 2008 మే మాసమున తలుపులు తెరచెను.

ఆ యేడే మార్చిలో, అమీరు షేక్ హమద్ బిన్ ఖలీఫా అల్ థానీ వొసగిన నేలమీద వెలసిన రోజరీ మాత దేవాలయమును, మన బొంబాయివారైన కార్డినల్ ఐవాన్ డయాస్ ప్రతిష్ఠించిరి. వెలుపల శిలువ లేదు, గంట లేదు. అయినను శుక్రవారము వచ్చెనా, మెసైమీర్ లోని ఆ ప్రాంగణము ఇసుక వేసిన రాలనంత జనముతో నిండును. పండితుల మాట ఒక గుమ్మమును తెరచునని చెప్పుటకు ఇంతకన్న ప్రత్యక్ష నిదర్శనము నాకు వేరొకటి కానరాదు.

కాని సంఘమును మార్చు సంభాషణ వేదికమీద కన్న ఆరాధన ముగిసిన పిదప ఆవరణలోనే మిక్కుటముగా సాగునని నా దృఢవిశ్వాసము. జీతము నిలిచిపోయినవాని గోడు, యజమాని చేత చిక్కిన పాస్‌పోర్టు సంగతి, శవపేటికను కరీంనగరుకో కోనసీమకో చేర్చుటకు వలసిన కాగితములు, చందాలు: ఇవన్నియు అచ్చటనే మాటకు వచ్చును. కష్టములో నున్నవాడు ముస్లిమా, హిందువా యని అట్టివేళ అడుగువారుండరు.

కేంద్రమువారి సంవాదము ముఖ్యముగా అబ్రహాము సంతతికి చెందిన మూడు మతముల నడుమ నడచినది. బహిరంగ దేవాలయము లేక, గదిగోడకు పటము తగిలించి దీపము పెట్టుకొను మన హైందవ సోదరులు ఈ దేశమున వేలకొలది కలరు. రాబోవు సభలలో వారికిని, బౌద్ధులకును పండితులతో సమానముగా పీట వేయవలెను. అరబ్బీ, ఇంగ్లీషు రాని కూలివాడు తన భాషలోనే మాటలాడుటకు దుబాసీని కూర్చుండబెట్టవలెను.