ఉద్దానం కిడ్నీ రోగుల పరస్పర సహాయం
శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస మండలాల జీడి, కొబ్బరి తోటల నడుమ ప్రబలిన దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అయినా డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు. మిగతా వేళల్లో రోగి తనను తానే చూసుకోవాలి. డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపి చేసిన ఫిస్టులా ఉన్న చేతిలో అదురు ఉందో లేదో రోజూ వేళ్లతో తాకి చూడటం, ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకపోవడం, నీళ్లు కొలిచి తాగడం, ఇవన్నీ డాక్టరు చెప్పినా, వీటిని అలవాటుగా నిలిపేది తోటి రోగులే. అందుకే ఈ సాయాన్ని చికిత్సలో భాగంగానే లెక్కించాలి.

రోగులు తమలో తాము చెప్పుకునే మాటలు నాటుమందుల వైపు నడిపిస్తాయన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. కానీ ఆ ముప్పు ఒంటరి రోగికీ ఉంది. పైగా అతణ్ని వారించే తోడు ఉండదు. మాటలు ఆపించడం కాదు, ఆ మాటల్లో ఒక నర్సును కూర్చోబెట్టడమే దీనికి సరైన జవాబు.